పట్టూ – విడుపూ

మన పెద్దలు సాము అనే మాటను ధారాళంగా వాడారు. కర్ర తిప్పితే కర్రసాము, కత్తి తిప్పితే కత్తిసాము, ఊరికే ఒళ్ళు వంచి దండీలూ బస్కీలూ తీస్తే అదీ సామే. నేర్పేవాడు వస్తాదు, నేర్పే చోటు తాలీంఖానా, కుస్తీ పట్టే చోటు గోదా. ఆలంగాయంలో తరాలుగా ఉంటున్న మాబోటి తెలుగు కుటుంబాలకు ఈ మాటలతో బాటు అరవ మాటలూ తోడయ్యాయి. 1911లో చిత్తూరు జిల్లా విడిగా ఏర్పడేదాకా ఉత్తర ఆర్కాటు జిల్లాలో తెలుగు తాలూకాలూ అరవ తాలూకాలూ ఒక్క గొడుగు కిందనే ఉండేవి కదా! అందుచేత ఇంట్లో కర్రసాము అన్నదే వీధిలోకి వచ్చేసరికి సిలంబం అవుతుంది. వస్తాదు కాస్తా వాత్తియార్ అవుతాడు. మనిషి మాత్రం ఒకడే, కర్ర కూడా ఒకటే.

ఆ కర్రను మేము చిన్నతనం నుంచీ తిరునాళ్ళలో చూస్తూనే ఉన్నాము. ఆడేవాడి నుదుటి ఎత్తు వెదురుకర్ర గాలిలో గిర్రున తిరుగుతూ ఉంటే, చుట్టూ మూగిన జనం వెనక్కు వెనక్కు జరుగుతూ ఈలలు వేస్తారు. ఇటీవల దానికి మంచి రోజులు వచ్చాయి. 2024 జనవరిలో తమిళనాడులో జరిగిన ఖేలో ఇండియా యువజన క్రీడలలో సిలంబాన్ని ప్రదర్శన క్రీడగా చేర్చారు. బడిపిల్లలు, అందులోనూ ఆడపిల్లలు, తమకన్న పొడుగైన కర్రలు భుజాన వేసుకొని సాయంకాలం నడిచిపోతూ ఉంటే చూడముచ్చటగా ఉంటుంది. అయితే మా ఇంటికి వచ్చిన ప్రశ్న వేరు. చేతిలో కర్ర లేనప్పుడు, ఎదుటివాడు ముందుగానే మన చెయ్యి పట్టుకొన్నప్పుడు ఏమి చెయ్యాలి?

పోయిన ఏడు కార్తీకమాసం. ఆరింటికే చీకటి పడే రోజులు. మా పెద్దమ్మాయి బి.కాం. రెండో సంవత్సరం. కాలేజీ, ఆ తరువాత లెక్కల ట్యూషను ముగించుకొని వస్తూ, బస్సు మారవలసిన ఒక ఊళ్ళో నిలుచుని ఉండగా ఎవడో వెనుకనుంచి వచ్చి మణికట్టు పట్టుకొన్నాడట. పక్కనే పూలమ్ముకొనే ఆమె పెద్దగా కేక పెట్టింది. వాడు వదిలి జనంలో కలిసిపోయాడు. జరిగింది ఇంతే. ఇంతే అనడం మాకు తేలిక.

ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని ఆ పిల్ల చెప్పిన మాట ఇది: "నేను అరవలేదు నాయనా. గొంతు రాలేదు. చెయ్యి లాక్కోవాలని కూడా తోచలేదు. పూలామె అరిస్తే, ఎవరిని చూసి అరుస్తా ఉందో అనుకొన్నాను."

ఇంట్లో రెండు రోజులు చర్చ. "చదివింది చాలురా అబ్బయా, మిగిలింది ఇంట్లో కూర్చుని చదివి పరీక్ష రాయమను" అన్నది మా అమ్మ. ఆ ట్యూషను మానిపిస్తే వెలుతురుండగానే ఇల్లు చేరుతుంది కదా అన్నది మా ఇంటావిడ. ఇద్దరూ పిల్ల మేలు కోరి అన్నవాళ్ళే, సందేహం లేదు. కాని తప్పు చేసినవాడు ఎవడో, చదువు మానుకోవలసినది ఎవరో, ఆ లెక్క మాకు కుదరలేదు. గుమాస్తా పనిలో ఇరవై ఏళ్ళు గడిపిన వాళ్ళం. ఒకరి పద్దులో బాకీని మరొకరి పద్దులో రాస్తే ఊరుకోలేము.

సరిగ్గా ఆ రోజులలోనే మా ఊరి కుర్రవాడొకడు మద్రాసులో నాలుగేళ్ళు మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ నేర్చుకొని వచ్చి, ఖాళీగా పడి ఉన్న ఒక చింతపండు గోడౌనును అద్దెకు తీసుకొన్నాడు. నేలంతా మెత్తని రబ్బరు చాపలు పరిపించాడు. ఆదివారం ఉదయం ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా పాఠం. ఎన్ని కడుగులు కడిగించాడో గాని, ఇప్పటికీ వాన పడితే ఆ గోడలు చింతపండు వాసన వేస్తాయి. మా అమ్మాయి వెళ్తానన్నది. తోడుగా మేము బయలుదేరాము.

ఈ విద్య పేరు చెప్పగానే టీవీలో చూచినవారికి ఎనిమిది మూలల కంచె, అందులో నెత్తురోడుతూ ఇద్దరు మనుష్యులు గుర్తుకు వస్తారు. అది పోటీ సంగతి. అసలు విషయం పేరులోనే ఉన్నది, అది ఒక మిశ్రమం. బాక్సింగు నుంచి పిడికిలి, థాయి దేశపు పోరు నుంచి మోకాలూ మోచెయ్యీ, కుస్తీ నుంచి పడగొట్టడం, జూడో, జుజుత్సుల నుంచి నేలమీద పట్టి బిగించడం, ఇలా ఎక్కడ ఏది పనికివస్తే అది తీసుకొన్నారు. ఏది పనికివస్తుందో తేల్చిన తీరు మాత్రం కొంచెం మొరటుదే. 1993 నవంబరు 12న అమెరికాలోని డెన్వరు పట్టణంలో ఎనిమిది మంది యోధులను, ఒక్కొక్కరిది ఒక్కొక్క విద్య, తెచ్చి పోటీ పెట్టారు. గెలిచినవాడు అందరిలోకీ బలిష్ఠుడు కాడు. రాయిస్ గ్రేసీ అనే బక్కపలచని బ్రెజిలు యువకుడు ఒకే రాత్రి ముగ్గురిని లొంగదీశాడు. చూచినవాళ్ళకు మతి పోయింది.

అతని విద్యకు మూలం వెతుక్కుంటూ పోతే జపానులో ఒక ఉపాధ్యాయుడి దగ్గర తేలుతాము. జిగోరో కానో 1882లో టోకియోలో ఒక బౌద్ధాలయంలో పన్నెండు చాపలు పరచిన గదిలో జూడో పాఠశాల పెట్టాడు. అప్పటి జుజుత్సు గురువుల దగ్గర కన్ను పొడిచే ఉపాయాలు, ఎముక విరిచే ఉపాయాలు చాలా ఉండేవి. వాటిని నిజంగా అభ్యాసం చేస్తే శిష్యులు మిగలరు. కనుక వాటిని నెమ్మదిగా, ఇద్దరూ ముందే ఒప్పుకొని, నాటకంలాగా చేసేవారు. కానో ఆ ప్రమాదకరమైన వాటిని నాటక భాగానికే వదిలిపెట్టి, తక్కినవాటితో శిష్యుల చేత పూర్తి బలంతో, ముందు ఒప్పందం లేకుండా పెనుగులాడించాడు. దానికి రందోరి అని పేరు. ఘోరమైన ఉపాయాలు వంద తెలిసి ఒక్కటీ ఎవరిమీదా ప్రయోగించి ఎరగనివానికంటే, పది మామూలు ఉపాయాలు వెయ్యిసార్లు ఎదిరించేవానిమీద చేసి చూచినవాడే గట్టివాడు అని క్రమంగా తేలింది. ఆ పాఠశాలలో తయారైన మయేదా అనే ఆయన 1914లో బ్రెజిలు చేరాడు. ఆయన దగ్గర నేర్చుకొన్నవాళ్ళే గ్రేసీలు.

మన వస్తాదులకు ఇది తెలియదనుకోరాదు. గోదాలో ఏ శిష్యుడూ ఒంటరిగా పట్టు నేర్చుకోలేదు, రోజూ జోడీతో మట్టిలో పొర్లినవాడే. "కలియుగ భీముడు" అనిపించుకొన్న కోడి రామమూర్తి నాయుడుగారిని మనం గొలుసులు తెంచినందుకు తలచుకొంటాము గాని, ఆయనకు విజయనగరంలో వ్యాయామం నేర్పిన జీవితమూ ఉన్నది. నడుమ ఎక్కడో మనకు ప్రదర్శన మిగిలి పెనుగులాట జారిపోయింది. ఇది మా అభిప్రాయం, కాదనేవారు కాదనవచ్చు.

ఈ పెనుగులాటనే మా మాస్టరు స్పారింగు అంటాడు. మొదటి నెల అది లేనే లేదు. పడడం, లేవడం, నిలబడడం, అరవడం, ఇంతే. పడడానికి కూడా ఒక పద్ధతి ఉన్నది. గడ్డం ఛాతీకి ఆనించాలి, తల వెనుక భాగం నేలకు తగలరాదు, చేతిని నేలమీద ఆనుకొని ఆపుకోబోతే మణికట్టు విరుగుతుంది కనుక చెయ్యి చాచి అరచేతితో చాపను చరచాలి. లేవడం ఇంకా తమాషా. కింద పడ్డవాళ్ళం సహజంగా ముందుకు వంగి లేస్తాము; అంటే తల తీసుకువెళ్ళి ఎదుటివాని మోకాలి దగ్గర పెడతాము. అలా కాక ఒక చెయ్యి వెనుక నేలకు ఆనించి, మరొకటి మొహానికి అడ్డం పెట్టి, ఒక కాలు ముందుకు తన్నుతూ నడుమును వెనక్కు లాక్కొని లేవాలి. నలభై దాటిన నడుములకు ఇది అంత సులభం కాదని మనవి. ఆ మొదటి వారమంతా మేము ఆఫీసులో కుర్చీలోంచి లేచినప్పుడల్లా పక్క సీటాయన జాలిగా చూచాడు.

అరవడం పాఠం అన్నిటికంటే కష్టమైనది. తొమ్మిది మంది ఆడపిల్లలు వరసగా నిలబడి "వదులు!" అని అరవాలి. మొదటి రోజు తొమ్మిది గొంతులూ కలిసి ఒక గుసగుస అయింది. పెద్దగా మాట్లాడరాదని పదిహేను, ఇరవై ఏళ్ళు నేర్పి, ఒక్క పొద్దున అరవమంటే ఎక్కడినుంచి వస్తుంది? తెలుగులో అరవాలా, అరవంలో అరవాలా అని మా అమ్మాయి సందేహం వెలిబుచ్చింది. ఏ భాషలో అరిస్తే చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూస్తారో ఆ భాషలో అన్నాడు మాస్టరు. అప్పటి నుంచి మావాళ్ళు బజారుకు "విడు"నూ ఇంటికి "వదులు"నూ పెట్టుకొన్నారు.

రెండో నెలలో జోడీలు కట్టారు. అక్కడ చిక్కు వచ్చింది. వచ్చేవాళ్ళంతా సన్నపాటి అమ్మాయిలు. బయట పట్టుకొనేవాడు అలా ఉండడు గదా! బరువున్న మనిషి కావాలి. తోడు వచ్చి గోడవారగా పేపరు చదువుకొంటున్న తండ్రులం నలుగురం ఉన్నాము. మాస్టరు మా చేతుల్లోంచి పేపర్లు తీసి పక్కన పెట్టించి చాప మీదికి పిలిచాడు. ఎవరి కూతురు చెయ్యి వారే పట్టుకోవాలి, గట్టిగా పట్టుకోవాలి, ఆమె నిజంగా విడిపించుకొనేదాకా వదలరాదు.

విడిపించుకొనే ఉపాయం చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. పట్టుకొన్నవాడి బొటనవేలికీ తక్కిన వేళ్ళకూ మధ్య ఉన్న సందు వైపు చెయ్యి తిప్పి, మోచేతిని ముందుకు నెట్టి, ఒళ్ళంతా బరువు వేసి లాగాలి. నాలుగు వేళ్ళ బలం ముందు చెయ్యి ఓడుతుంది, ఒక్క బొటనవేలి ముందు గెలుస్తుంది. కాగితం మీద ఇంతే. చాప మీద మాత్రం, మా ముందు జోడీలో బడి పంతులుగారు ఒకరు, కూతురు మొహం చిట్లించగానే వేళ్ళు సడలించారు. పిల్ల సంతోషంగా నవ్వింది. మాస్టరు నవ్వలేదు. "సార్, మీరు ప్రేమతో వదిలినారు. ఆమె తన బలంతో విడిపించుకొన్నానని అనుకొంటా ఉంది. ఆ నమ్మకంతో ఆమె బస్సెక్కుతుంది" అన్నాడు. పంతులుగారు ఏమీ అనలేదు. మళ్ళీ పట్టుకొన్నారు.

మా వంతు వచ్చింది. పుట్టినప్పటి నుంచి రోడ్డు దాటించడానికీ, జ్వరం చూడడానికీ పట్టుకొన్న చెయ్యి. కార్తీకంలో ఎవడో పట్టుకొన్నదీ ఆ చెయ్యే. దానిని బలం కొద్దీ బిగించి పట్టుకొన్నాము. ఆమె లాగింది; రాలేదు. మళ్ళీ లాగింది, రాలేదు. మొహం ఎర్రబడింది, కళ్ళలో నీళ్ళు వచ్చాయి. మేము వదలలేదు. మూడోసారి "విడు!" అని గోడౌను అదిరేలా అరిచి, మోచెయ్యి మా రొమ్ము మీదికి నెట్టుకొంటూ వచ్చి, విదిలించుకొని నాలుగడుగులు వెనక్కు పరుగెత్తింది. అక్కడ నిలుచుని మమ్మల్ని చూచిన చూపు ఉన్నదే, అందులో నాయన లేడు. రెండు క్షణాల తరువాత గాని మళ్ళీ రాలేదు. ఇంటికి వెళ్ళేటప్పుడు దారిలో ఆమే అన్నది: "ఈసారి గొంతు వచ్చింది నాయనా." ఆ మాట చాలాసేపు మాతో నడిచింది.

స్పారింగులో నేర్చుకొనేది ఉపాయాలు అనుకొంటారు గాని, మేము చూచినంతలో అది రెండో సంగతి. హఠాత్తుగా ఎవరైనా మీద పడితే గుండె దడదడ కొట్టుకొంటుంది, ఊపిరి బిగుస్తుంది, చూపు సన్నని గొట్టంలోంచి చూచినట్లు ఇరుకవుతుంది, వేళ్ళు సన్న పనులకు పనికిరావు. ఫోను తీసి నంబరు నొక్కడం కూడా అప్పుడు పెద్ద విద్యే. ఆ స్థితిని పుస్తకం చదివి ఎరగలేము. కాపుదల ఉన్న చోట, నమ్మదగిన మనిషి చేతిలో, వారం వారం కొద్దికొద్దిగా దానిని చవిచూస్తే, ఒంటికి అది పాత చుట్టమవుతుంది. రెండు మూడు నెలలు గడిచేసరికి పిల్లలు చెయ్యి పడ్డా కళ్ళు మూసుకోవడం మానారు, ఊపిరి వదలడం నేర్చారు. అది నేర్చినవాళ్ళకే ఉపాయం గుర్తుకు వస్తుంది.

ఈ పెనుగులాటకు ఒక గొప్ప కట్టుబాటు ఉన్నది. ఎవరికైనా భరించరానిదైతే ఎదుటివాని ఒంటిమీదనో చాపమీదనో అరచేతితో రెండుసార్లు తట్టాలి. తట్టగానే పట్టు విడవాలి, ఆ క్షణమే. మెడ బిగించే పట్టులో మెదడుకు పోయే నెత్తురు ఆగి కొద్ది సెకన్లలో స్పృహ తప్పుతుంది కనుక ఇది మర్యాద కోసం పెట్టినది కాదు. ఒకసారి ఒక కుర్రవాడు తట్టిన తరువాత కూడా ఒక్క లెక్క ఆలస్యంగా వదిలాడు. మాస్టరు అతనిని నెలరోజులు చాప ఎక్కనివ్వలేదు. తల మీద గట్టి దెబ్బలు అసలు లేవు. చిన్నపిల్లలకు తల మీద చెయ్యి వేసే పాఠమే లేదు. ఎవరికైనా తల తగిలి తిప్పుగానో వాంతిగానో ఉంటే డాక్టరు చెప్పేదాకా సెలవు. పళ్ళకు కవచం, చేతులకు దళసరి గ్లవుసులు తప్పనిసరి. ఇవి లేని చోటికి పిల్లలను పంపవద్దని చదువరులకు మా విన్నపం.

మరొక సంగతి మాస్టరు మొహమాటం లేకుండా చెబుతాడు. చాప మీద ఉండేవాడు ఒక్కడు. వీధిలో ఇద్దరు ఉండవచ్చు. చాప మెత్తన, వీధిలో కంకరరాళ్ళు. చాప మీద కత్తి లేదు. పోటీలలో నేలమీదికి లాగి లొంగదీసుకొనేవాడు గెలుస్తాడు గాని, బస్‌స్టాండులో నేలమీద ఉండడం అంత చెడ్డ చోటు మరొకటి లేదు. అందుకే తొమ్మిది మందికీ నేర్పే చివరి ఉపాయం ఒక్కటే. పట్టు విడిపించుకొని, వెలుతురూ జనమూ ఉన్న వైపు పరుగెత్తడం. సంచి అడిగితే సంచి ఇచ్చెయ్యడం.

చట్టం కూడా ఈ మాటకు దగ్గరగానే ఉన్నది. పాత శిక్షాస్మృతిలో 96 నుంచి 106 దాకా ఉన్న సెక్షన్లు, 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా వచ్చాయి. తన ఒంటినీ ఇతరుల ఒంటినీ కాపాడుకొనే హక్కు అందరికీ ఉన్నది. అయితే కాపాడుకోవడానికి కావలసినదానికంటే ఎక్కువ హాని చెయ్యరాదు. అధికారుల రక్షణ కోరే వ్యవధి ఉంటే ఆ హక్కు వర్తించదు. అంటే వాడు వదిలి పారిపోతూ ఉంటే వెంటబడి కొట్టడం ఆత్మరక్షణ కాదన్న మాట. మానభంగం, అపహరణ వంటి ఘోరమైన దాడులలో హక్కు చాలా దూరం పోతుంది. ఆడదాని మానానికి భంగం కలిగించే ఉద్దేశంతో మీద చెయ్యి వెయ్యడం 74వ సెక్షను కింద నేరం. ఆఫీసు కాగితాల అలవాటు కొద్దీ ఈ నంబర్లు, వాటితోబాటు అత్యవసరానికి 112, స్త్రీల సహాయానికి 181, ఒక కాగితం మీద రాసి గోడౌను తలుపుకు అంటించాము. ఎవరూ చదవడంలేదు గాని ఉండనీ.

మా ఇంటావిడకు మొదట ఇష్టం లేదు. మోచేతి దగ్గర కమిలిన మచ్చ చూచినప్పుడల్లా మా మీద విరుచుకుపడేది. మా అమ్మ భయం వేరు. మొహాన గాటు పడితే రేపు పెళ్ళి ఎలా అన్నది. నిజామాబాదు అమ్మాయి నిఖత్ జరీన్ 2022లోనూ 2023లోనూ బాక్సింగులో ప్రపంచ విజేత అయిన సంగతి చెప్పాము. 2024 జూనులో పూజా తోమర్ అనే ఉత్తరప్రదేశ్ అమ్మాయి, డెన్వరులో మొదలైన ఆ పోటీలలోనే గెలిచిన మొదటి భారతీయురాలు అయిందని కూడా చెప్పాము. మా అమ్మ విని, "వాళ్ళకు పెళ్ళిళ్ళు అయినాయా?" అన్నది. ఆ వాదం అంతటితో ఆగింది.

ట్యూషను మాత్రం ఆగలేదు. మా అమ్మాయి మునుపటి బస్సుకే వస్తున్నది. మేము బస్‌స్టాండుకు ఎదురు వెళ్ళడమూ మానలేదు. ఆమె వద్దంటుంది, మేము కూరగాయలు కొనాలంటాము. ఇంటావిడ ఒక ఆదివారం ఉప్మా డబ్బా ఇవ్వడానికని గోడౌనుకు వచ్చి గంటసేపు నిలబడి చూచింది. ఆ తరువాత మచ్చల సంగతి ఎత్తలేదు. పోయిన నెల ఆమే చిన్నమ్మాయి పేరు కూడా రాయించింది.

మా అమ్మకు డెబ్భైనాలుగు. రెండేళ్ళ కిందట పెరట్లో జారి పడి, మేము ఆఫీసు నుంచి వచ్చేదాకా లేవలేక అక్కడే ఉండిపోయింది. మనుమరాలు వరండాలో లేచే పాఠం అభ్యాసం చేస్తూ ఉంటే కొన్నాళ్ళు ఊరికే చూచింది. ఒకనాడు, "ఆ తన్నేది అవసరం లేదు గాని, లేచేది నాకు చెప్పవే" అన్నది. మాస్టరును అడిగితే ముసలివాళ్ళకు వేరే పద్ధతి చెప్పాడు. తొందరపడకుండా పక్కకు ఒత్తిగిలి, చేతులమీదా మోకాళ్ళమీదా ఆగి, కుర్చీ దగ్గరికి పాకి, దానిమీద చేతులు ఆనించి, ఒక పాదం నిలబెట్టి లేవాలి. మా అమ్మాయి జంపఖానా పరచి, బరువైన టేకు కుర్చీ గోడకు ఆనించి, పక్కన కూర్చుని నేర్పుతున్నది. రోజూ పొద్దున కాఫీకి ముందు రెండుసార్లు. మూడోసారి లెమ్మంటే మాత్రం, "నేనేమన్నా ఫీజు కట్టినానా?" అని కుర్చీ దిగనంటుంది.